నీలసంధ్య

కూర్మారావు మోచేతి మడతలో ముక్కు పెట్టి మూడుసార్లు గట్టిగా పీల్చి తలెత్తాడు. ఎదురుగా కూర్చున్న సరోజినీదేవి గారు కాస్త అనుమానంగా చూశారు. ఎవరికే నూనె నప్పుతుందో తేల్చే తైలనిర్ణేత అంటే గొప్పగా ఉంటాడనుకుంటే, ఈయనెవరో తన చెయ్యి తనే వాసన చూసుకుంటున్నాడేమిటని ఆవిడ ముఖంలో కనిపిస్తూనే ఉంది. వరసగా పది నూనెలు చూస్తే ముక్కు మొద్దుబారుతుందని, సొంత ఒంటి వాసన పీలిస్తే మళ్లీ దారిలో పడుతుందని అతను ఓపిగ్గా చెప్పాడు. ఎవరి వాసన వాళ్లకి తెలియదు. అందుకే ఆ మడత ముక్కుకి తుడిచిన పలకలా పనికొస్తుంది.

ఆవిడ పడకగదికి కావాలని రాసుకున్న జాబితా చూస్తే అతనికి నవ్వొచ్చింది. నిద్రకి లావెండరు, తలనొప్పికి పుదీనా, హుషారుకి నిమ్మగడ్డి, మనశ్శాంతికి మల్లె, మంచిగంధం, ఇవి చాలనట్టు యూకలిప్టస్. పెళ్లి విస్తరిలా అన్నీ ఒకేసారి వడ్డిస్తే ముక్కు దేన్నీ తినదని, ఒక గదికి మూడు నూనెలు మించకూడదని చెప్పాడు. అరగంట వదిలితే గంటసేపు ఆపి కిటికీ తెరవాలి. మనవరాలు పసిపిల్ల కాబట్టి పుదీనా, యూకలిప్టస్ ఆ ఇంటికే వద్దు. ఒంటికి రాసుకోవాలనిపిస్తే చెంచాడు నువ్వులనూనెలో ఒక్క చుక్క కలుపుకోవాలి, ఉత్తది ఎప్పుడూ రాసుకోకూడదు.

చివరగా, ఎప్పుడూ అడిగే ప్రశ్న అడిగాడు. ఏ వాసనైనా పడదా అని.

ఆవిడ తను రాసిన జాబితాలోనే ఉన్న మంచిగంధం పేరు చెప్పారు. తమ్ముడు పోయినప్పుడు చితి మీద గంధపు చెక్క వేశారట. అది మనశ్శాంతికి మంచిదని అందరూ అంటుంటే రాశారు గానీ, ఆ వాసన తగిలితే ఇప్పటికీ గదిలోంచి లేచి వెళ్లిపోతానన్నారు. కూర్మారావు గంధం సీసా తీసి పెట్టెలో వెనకవరసలో పెట్టేశాడు. గోడల్లో నూనెలు వదిలే యంత్రం వయసు అడుగుతుంది, బరువు అడుగుతుంది, ఎన్ని గంటలు నిద్రపోతారో అడుగుతుంది. ఈ ఒక్క ప్రశ్న అడగదు. ఈ ప్రశ్న ఉన్నంతకాలం మన వృత్తికి ఢోకా లేదని అతను కొత్తగా చేరినవాళ్లకి గర్వంగా చెప్పేవాడు.

అప్పుడే బడినుంచి కబురొచ్చింది. అతని కూతురు మేదిని మళ్లీ వణుకుతోంది.

అతను కంగారుగా పరుగెత్తి బస్సెక్కాడు. ఎక్కిన బస్సుకి మాత్రం ఆ కంగారు నచ్చలేదు. ఎక్కేచోట గుమ్మానికి అతికించిన ఊపిరిపట్టీ అతని ఊపిరి చూసింది, సీటు పక్కనున్న గంధికకి చెప్పింది, గంధిక చిన్న ఆవిరి వదిలింది. రెండు నిమిషాల్లో అతని గుండె నెమ్మదించింది. గుండె నెమ్మదించినందుకే అతనికి లోపలెక్కడో సిగ్గేసింది.

నగరంలో గంధిక లేని గోడ లేదు. అరచేతి వెడల్పున చిన్న జల్లెడ, దాని వెనక ఇరవై నాలుగు నూనెల పేటిక. మొదట్లో పడకగదుల్లో పెట్టుకున్నారు. తర్వాత బడుల్లో, లిఫ్టుల్లో, బస్సుల్లో, పోలీసు ఠాణాల్లో పెట్టారు. కోపం వస్తే ఒక మిశ్రమం, దిగులుకి ఇంకొకటి. నిద్రమాత్రలు దుకాణాల్లోంచి మాయమయ్యాయి. మొగుడూ పెళ్లాల పోట్లాటలు సగంలో ఆగిపోయాయి. సగంలో ఆగిన పోట్లాట ఎక్కడికి పోతుందని ఎవరూ అడగలేదు, అడిగే ఓపిక కూడా గంధిక ఉండనివ్వలేదు. జనం తమ మనసుల్ని గోడలకి అప్పజెప్పి హాయిగా ఉన్నారు.

బడి వెనక కుళాయి దగ్గర, ఆరుబయట, మేదిని నిలబడి ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల. తడి చేతిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పళ్లు టకటకమంటున్నాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు అల్లరి చేస్తుంటే తరగతి గంధిక నీలసంధ్య అనే మిశ్రమం వదిలిందని, అది తగలగానే మేదిని వణికిందని, వణుకు చూసి గంధిక రెట్టింపు వదిలిందని పంతులమ్మ చెప్పింది. పిల్ల ఎంత వణికితే యంత్రం అంత ఓదారుస్తుంది. ఓదార్చిన కొద్దీ పిల్ల వణుకుతుంది. ఇదివరకోసారి పంతులమ్మ ఆ గదికి కొన్నాళ్లు వేరే మిశ్రమం పెట్టించి చూసింది, లాభం లేకపోయింది. నడవాలో అదే నూనె, బస్సులో అదే, తోటిపిల్లల బట్టల్లో అదే.

ఆ నీలసంధ్యని తయారుచేసింది కూర్మారావే.

ఏడాది కిందట అతని భార్య నీలవేణి ఏడు నెలలు మంచం మీద ఉంది. మందులు పనిచెయ్యడం మానేశాక, ఆమె ఊపిరి అందక బెదిరిపోయే వేళల కోసం అతను ఒక మిశ్రమం కలిపాడు. వట్టివేరు అడుగున, మరువం మధ్యలో, నారింజపూల నూనె పైన. ఎన్నో రోజులు చుక్క చుక్కా మార్చాడు. కుదిరిన రోజున నీలవేణి కళ్లు మూసుకుని, సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లినట్టుంది అంది. అప్పటినుంచి ఆ గదిలో ఆ వాసనే ఉండేది. అతను మంచం పక్క కుర్చీలో ఉండేవాడు. బడినుంచి వచ్చిన మేదిని అతని ఒళ్లో కూర్చుని అమ్మ ఊపిరి వినేది. ఒక ఉదయం ఆ ఊపిరి ఆగినప్పుడు కూడా పిల్ల అతని ఒళ్లోనే ఉంది.

తైలనిర్ణేతలకి ఒక నియమం ఉంది. ఇది ఏ యంత్రంలోనూ రాసి లేదు, చేతినుంచి చేతికి వచ్చింది. జబ్బుమనిషి గదిలో వాడిన మిశ్రమాన్ని మళ్లీ ఎక్కడా వాడకూడదు. మనిషి లేచినా పోయినా సీసా మట్టిలో ఒంపేసి, కాగితం చింపెయ్యాలి. కూర్మారావు ఎన్నో ఇళ్లలో దగ్గరుండి ఒంపించాడు. తన ఇంట్లో చెయ్యలేదు. నీలవేణి ఇంకా ఉండగానే, ఆఖరి నెలలో, గంధపాలక మండలి నగరానికి కొత్త సాయంకాలపు మిశ్రమం కావాలని ప్రకటిస్తే ఆ కాగితం పంపించేశాడు. పేరు నీలసంధ్య అని పెట్టాడు. ఈ మనిషి ఇక ఉండదని తెలిసిపోయింది. కనీసం ఊరంతా ఆమె పేరు పీల్చుకుంటే పూర్తిగా పోయినట్టు కాదని అనుకున్నాడు. ప్రేమతో చేసిన పని. ముప్పై ఏళ్లలో ఇంత బాగా పనిచేసిన మిశ్రమం లేదని మండలి తేల్చింది, దాన్ని ప్రతి గోడలోనూ పెట్టింది.

అతనికి ఆ వాసనలో నీలవేణి ఉంది. పిల్లకి ఆ గది ఉంది. ఒకే సీసా కాబట్టి ఇద్దరికీ ఒకటే గుర్తొస్తుందని అతను అంతవరకూ అనుకున్నాడు.

ముందు వైద్యుడి దగ్గరకి తీసుకెళ్లాడు. ఆయన పిల్లని చూసి, ఇది భయమేనని, భయాలకి ఇప్పుడు మంచి చికిత్స ఉందని, రోజూ రెండుపూటలా నీలసంధ్య పట్టించమని రాసిచ్చాడు. కూర్మారావు వరండాలోకి వచ్చి ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

తర్వాత మండలికి వెళ్లాడు. గట్టిగా మాట్లాడాలని, ఒప్పుకోకపోతే బల్ల గుద్దైనా సరే కాగితం వెనక్కి తీసుకోవాలని దారంతా పళ్లు నూరుకుంటూ వెళ్లాడు. అక్కడి అధికారి హైమవతి మంచి మనిషి. కుర్చీ చూపించి, చెప్పిందంతా శ్రద్ధగా విన్నది. ఆ మిశ్రమం మీదే నలభై లక్షలమంది నిద్రపోతున్నారని, ఒక్కరి కోసం ఆపడం తన చేతిలో లేదని, ఆ మాట చెప్పడానికి తనకీ బాధగానే ఉందని అంది.

"మీ అమ్మాయి పరిస్థితి మా లెక్కలో లేదండీ," అందామె. "నూనె ఒంటి మీద ఏం చేస్తుందో అంతా చూశాం. అది ఎవరికి ఏం గుర్తుచేస్తుందో మేమెలా చూడగలం?"

నేను చూడగలను, అదే నా పని, అని అతను అరవబోయాడు. అప్పటికే బల్ల పక్క గంధిక అతని ఊపిరి పసిగట్టింది. వట్టివేరు, మరువం, నారింజపూలు. భుజాలు వాటంతటవే దిగిపోయాయి. కోపం తెచ్చుకుందామని ప్రయత్నించాడు, రాలేదు. నీలవేణి పక్కన కూర్చున్నంత నెమ్మదిగా, సరేనండీ, మీరు మాత్రం ఏం చేస్తారు, అన్నాడు. ఫిర్యాదు లేదని రాసి ఉన్న కాగితం మీద సంతకం కూడా పెట్టాడు. బయట ఎండలోకి వచ్చి వంద అడుగులు నడిచాక తను ఏం చేశాడో అతనికి తెలిసింది. వెనక్కి వెళ్లినా మళ్లీ అదే జరుగుతుందని కూడా తెలిసింది.

ఇక మిగిలింది సముద్రం ఒడ్డున ఉన్న నౌపడా. అక్కడి ఉప్పుమడుల్లో నీలవేణి చెల్లెలు సుగుణ పనిచేస్తుంది. ఉప్పుగాలికి గంధిక జల్లెడ ఎనిమిది రోజుల్లో పూడుకుపోతుంది. రెండుసార్లు బిగించి, రెండుసార్లూ చెడిపోతే మండలి ఆ చుట్టుపక్కల్ని వదిలేసింది. నగరంవాళ్లు ఆ ఊరి పేరెత్తితే జాలిపడేవారు, పాపం, అక్కడ జనం తిట్టుకుంటారట అని.

మేదినిని దింపి వచ్చిన వారానికే సుగుణ కబురు పంపింది. పిల్ల తింటోంది, నిద్రపోతోంది, ఉప్పు కుప్పలెక్కి దూకుతోంది, నిన్న పక్కింటి పిల్లని కొట్టింది కూడా. కూర్మారావు ఆ చివరి మాటకి ఎంత సంతోషించాడో చెప్పలేం. రెండోనెలలో సెలవు పెట్టి, కొత్తబట్టలు కట్టుకుని, తన పెట్టె ఇంట్లోనే వదిలేసి బయల్దేరాడు.

మేదిని గట్టు మీదనుంచి చూసి పరుగెత్తుకొచ్చింది. నాలుగడుగుల దూరంలో కాళ్లకి ఎవరో అడ్డం పడ్డట్టు ఆగిపోయింది. నవ్వుతున్న మూతి అలాగే ఉంది. పళ్లు టకటకమన్నాయి.

పద్దెనిమిదేళ్లు నూనెల్లో పెట్టిన చేతులు కదా, ఒంట్లో ఇంకిపోయి ఉంటుందని అనుకున్నాడు. ఉద్యోగం మానేశాడు. మిగిలిన నీలసంధ్య సీసా ఉప్పుకాలవ గట్టున మట్టిలో ఒంపేశాడు. ఏడాది ఆలస్యంగా. మడుల అవతల రెల్లుపాకలో ఉంటూ, సెనగపిండితో, బూడిదతో, నిమ్మచెక్కలతో ఒళ్లు ఎర్రబడేలా తోముకున్నాడు. తెచ్చిన బట్టలు తగలబెట్టి సుగుణ నేయించిన ముతక పంచె కట్టాడు. పగలంతా ఉప్పు లాగే చెక్కపలక పట్టుకుని ఒంటిచేత చెమట కక్కించాడు. అలా నలభై రోజులు గడిచాయి. నలభై ఒకటోనాడు మేదిని మెల్లగా అడుగులో అడుగు వేసుకుంటూ దగ్గరికొచ్చింది. మళ్లీ అక్కడే ఆగింది.

"నాకు భయం లేదు నాన్నా," అంది, దవడలు గట్టిగా బిగబట్టి. "ఒళ్లే వణుకుతోంది."

ఆ సాయంత్రం సుగుణ అన్నం కేరియరు పాక ముందు పెట్టి, వెళ్లిపోకుండా నిలబడింది.

"బావా, ఒకటి సెప్తాను, ఏటీ అనుకోకు. నీ కాడ నూనె వాసన నేదు. నాను రోజూ సూస్తన్నాను గదా. ఎప్పుడో పోయింది."

అలా కాదని, నీకు తెలియదని, ఇంకితే కొన్నాళ్లు పడుతుందని అతను విసుక్కున్నాడు. కానీ రాత్రంతా ఆ మాట తొలిచింది. పొద్దున్నే తన వృత్తి పద్ధతిలోనే తేల్చుకోవాలనుకున్నాడు. మూడు గుడ్డముక్కలు తీసుకున్నాడు. మొదటిది ఒంపేసిన సీసా అడుగున తుడిచింది. రెండోది ఎవరూ ముట్టని కొత్త గుడ్డ. మూడోది ఈ పాకలో తను నలభై రోజులూ తలకింద పెట్టుకున్నది, నూనె అన్నదే ఎరగనిది. సుగుణకిచ్చి, ఏది ఏదో పిల్లకి చెప్పొద్దన్నాడు. పిల్లని బాధపెట్టడం ఇష్టంలేక మళ్లీ వెనక్కి తీసుకోబోయాడు. తనకీ తెలుసుకోవాలని ఉందని మేదినే పట్టుబట్టింది.

అతను దూరంగా, గాలి పిల్లవైపునుంచి తనవైపు వీచేచోట నిలబడ్డాడు. పిల్ల కళ్లు మూసుకుంది. సుగుణ మొదటి గుడ్డ పట్టగానే పిల్ల వణికింది. రెండోది పట్టింది. ఏమీ లేదు, పిల్ల ముక్కు చిట్లించి ఉప్పు వాసన అంది. మూడోది పట్టింది. సుగుణ చెయ్యి పట్టుకున్నా ఆగనంతగా వణికింది. వరస మార్చి మళ్లీ పట్టమని కూర్మారావు సైగ చేశాడు. ఎన్నోసార్లు ఇలాంటి పరీక్షలు చేశాడు. రెండోసారి కూడా అదే తేలితే ఇక మూడోసారి అక్కర్లేదని అతనికి తెలుసు. రెండోసారి కూడా అదే తేలింది.

ఆ గదిలో నారింజపూల కంటే, మరువం కంటే దగ్గరగా పిల్ల ముక్కుకి తగిలింది అతని ఒళ్లు. ఏడునెలలు ఆ ఒళ్లోనే కూర్చుని తల్లి పోవడం చూసింది. నగరంలో ప్రతి గోడా ఆ నూనె వదులుతుంటే, పిల్ల తనకి కూడా వణుకుతోందని అతనికి విడిగా తెలియలేదు. మట్టిలో ఒంపడానికి సీసా ఉంది. మనిషిని ఎక్కడ ఒంపాలి?

కూర్మారావు మోచేతి మడతలో ముక్కు పెట్టి పీల్చాడు. ఎంత పీల్చినా అతనికి ఏమీ తెలియలేదు. అక్కడ ఏం వాసన ఉందో ఈ లోకంలో తన కూతురికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, తనకి అసలే తెలియదు. అప్పుడు గట్టిగా ఏడ్చాడు. ఏడుపు ఆపడానికి అక్కడ ఏ గంధికా లేదు.

సుగుణ గుడ్డలు మడతపెట్టి కొంగున దాచేసి, పెద్దయితే తగ్గుద్దిలే బావా, అంది. అది ఆమెకి తెలిసి అన్నమాట కాదు.

ఇప్పుడు వాళ్లు ఉప్పుగట్టు మీద ఇరవై అడుగుల దూరంలో కూర్చుంటారు. ఇరవై అడుగులు ఎలా తేలిందంటే, పద్దెనిమిదికి వణుకు వస్తోంది. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి గట్టు మధ్యలో ఒక కర్ర పాతి, చివర ఎర్రగుడ్డ పీలిక కట్టారు. పొద్దున గాలి ఊరివైపునుంచి సముద్రం మీదకి వీస్తుంది కాబట్టి అతను సముద్రంవైపు కూర్చుంటాడు, మేదిని ఊరివైపు. లెక్కలు చెప్పించుకుంటుంది. బడిలో జరిగినవన్నీ గొంతెత్తి చెబుతుంది. అమ్మ గురించి కూడా మాట్లాడుతుంది, దూరంనుంచి కాబట్టి కాస్త అరిచి.

ఒకరోజు మేదిని తొమ్మిదో పుట్టినరోజు వచ్చింది. సుగుణ చేసిన పరమాన్నం ఇద్దరి దగ్గరా చెరో గిన్నెలో ఉంది. పిల్ల జడకి కనకాంబరాలు పెట్టారు. ఎండ ఎక్కుతోంది. కూర్మారావు కూతురి ముఖం చూస్తూ, తినడం మరిచిపోయి, మాటల్లో పడి కర్రవైపు చూడలేదు. మేదిని చూసింది. ఎర్రపీలిక ఒకసారి వాలి, వెనక్కి తిరిగి, సముద్రంవైపునుంచి ఊరివైపు ఎగరడం మొదలుపెట్టింది.

అతను కంగారుగా లేవబోయాడు. గిన్నె ఒరిగింది.

"నువ్వు లేవకు నాన్నా," అంది మేదిని. "నేనే వస్తా."

గిన్నె చేత్తో పట్టుకుని గట్టు దిగింది. ఎండిన మడిలో, తండ్రి చుట్టూ, తాడు కట్టి గీసినట్టు గుండ్రంగా నడిచింది. ఒక్క అడుగు లోపలికి రాలేదు. నడుస్తున్నంతసేపూ పరమాన్నం తింటూ, పంతులుగారు నిన్న కుర్చీలోంచి ఎలా పడ్డారో చెబుతూనే ఉంది. కూర్మారావు కూర్చున్నచోటే మెల్లగా తిరుగుతూ విన్నాడు. సముద్రంవైపుకి చేరి, గట్టెక్కి, గౌను సర్దుకుని కూర్చుంది.

"ఇప్పుడు తిను," అంది.